చచ్చినవాళ్ళ బైండింగులు

జాప్రియన్ తాత కొట్లో దయ్యం పట్టని బైండింగు ఒక్కటి కూడా దొరకదు. స్నోబోర్డుకు బిగించి, బూటు కదలకుండా పట్టి ఉంచే ఆ పట్టీల చట్రాలను లోకంలో అందరూ కొలత చూసి అమ్ముతారు, రంగు చూసి కొంటారు. జాప్రియన్ తాత మాత్రం అది ఎవరిదో, ఆ మనిషి ఎలా పోయాడో, పోయిన తర్వాత ఎలా ప్రవర్తిస్తున్నాడో పూర్తిగా చెప్పిగాని చేతికివ్వడు. మా మగ్లెన్‌లో పిల్లలు అక్షరాలకన్నా ముందు ఆ కొట్లోని చచ్చినవాళ్ళ పేర్లు నేర్చుకుంటారు.

"ఆ ఎర్రది ముట్టుకోకు నాన్నా. అది స్తమాత్కా గారిది. ఆవిడ కోపం ఇంకా తగ్గలేదు."

"ఎందుకు తాతా కోపం?"

"పోయినవాళ్ళని ఎందుకని అడక్కూడదు. చెప్పేస్తారు."

ఆ కొట్టు లిఫ్టు పై స్టేషను పక్కనే ఉంది. మా ఊరు కొండ నెత్తిన, బస్సు రోడ్డు కింద లోయలో. రెంటికీ మధ్య జారుడు దారులూ, తీగకు వేలాడుతూ పాకే కుర్చీల లిఫ్టూ. జనవరి వచ్చేసరికి మంచు కొట్టు కిటికీలను పైదాకా కప్పేస్తుంది. మిట్టమధ్యాహ్నం లోపలికి వెళ్ళినా నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు నీలంగా, మసకగా ఉంటుంది. దూలాలకు నలభై జతల బైండింగులు వేలాడుతుంటాయి. తలుపు తీస్తే చాలు, గాలికి అన్నీ కలిసి ఊగుతాయి, క్లిప్పులు టకటకా కొట్టుకుంటాయి. కాసేపటికి అన్నీ ఆగిపోతాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఏదన్నది రోజూ మారుతుంది.

ఇదంతా ఒక ఎత్తు, నేల కింది చప్పుడు ఒక ఎత్తు. గర్ర్... గర్ర్... అని ఎవరో గోళ్ళతో గీరుతున్నట్టు వినిపిస్తుంది. తాత కొట్లో లేనప్పుడే వినిపిస్తుంది. పిల్లలు గుమ్మంలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వింటూ నిలబడతారు. చప్పుడు ఠక్కున ఆగుతుంది. మరో నిమిషానికి తాత వాళ్ళ వెనకే, మంచులోంచి ప్రత్యక్షమవుతాడు.

"ఎలుకలా తాతా?"

"ఎలుకలైతే ఎంత బాగుండేది!" అని నిట్టూర్చి లోపలికి పోతాడు. ఆ రోజు ఆ పిల్లలు అన్నం సరిగా తినరు.

ఒకసారి రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "నాకీ కథలన్నీ వద్దండీ, పెట్టెలోంచి తీయని కొత్తది ఇవ్వండి" అన్నాడు. తాత ఆయన వంక జాలిగా చూశాడు. "పెట్టెలో ఉన్నంత మాత్రాన కొత్తదని ఎలా అనుకున్నారు బాబూ? శవం కూడా పెట్టెలోనే కదా ఉంటుంది" అన్నాడు. పెద్దమనిషి చేతి తొడుగులు కూడా మరిచిపోయి లిఫ్టు ఎక్కేశాడు. ఆ తొడుగులు ఇప్పటికీ ఆ కొట్లోనే ఉన్నాయి. ఆయన కూడా పోయినట్టే తాత లెక్క.

ఇన్ని చెప్పినా ఊరంతా ఆయన దగ్గరికే పోతుంది. గుమ్మంలో గుండెల మీద సిలువ గీసుకుని మరీ పోతుంది. ఎందుకంటే జాప్రియన్ తాత బిగించిన బైండింగుతో కాలు విరిగిన పిల్ల మా కొండ మీద ఇంతవరకు లేదు.

పదకొండేళ్ళ ఎలిత్సాకు ఆ కొట్టంటే హడల్. కానీ ఆ జనవరిలో పోక తప్పలేదు. దాని పాత బైండింగుకు వెనక రెక్క విరిగింది, మడమ పట్టీ స్థానంలో ఇనుప తీగ కట్టి ఉంది. కోచ్, కాలినా అనే ఆవిడ, ఆ తీగను చూసి మొహం మాడ్చుకుంది. "చూడు ఎలిత్సా, వచ్చే ఆదివారం పోటీ. అందులోంచి ఇద్దరినే జట్టులోకి తీసుకుంటాను. నువ్వు రాగలవు. కానీ ఈ తీగముక్కతో పోటీ మొదలయ్యే గేటు దగ్గరికి వచ్చావంటే నేనే వెనక్కి పంపిస్తాను" అని తేల్చి చెప్పింది. ఎలిత్సాకు మూడు రాత్రులు నిద్ర లేదు. జట్టులో చేరడం అన్నది ఒక్కటే దాని బతుకులో ఇప్పటిదాకా గట్టిగా కోరుకున్న కోరిక.

అడ్డం ఎక్కడుందంటే వాళ్ళమ్మ సెవ్దా దగ్గర ఉంది. ఎలిత్సాకు రెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న సీసం గనిలో పోయాడు. ఊరు ఊరంతా బుట్టలతో, మూటలతో వచ్చి ఇంటిని నింపేసింది. ఏడాదిపాటు ఎవరికీ ఎదురుపడి తలెత్తి చూడలేకపోయింది సెవ్దా. ఆ తర్వాత ఒట్టు పెట్టుకుంది, ఎవరి దగ్గరా చిల్లిగవ్వ ఊరికే పుచ్చుకోనని. పక్కింటావిడ మూడు గుడ్లు ఇస్తే ఐదు తిరిగిచ్చేది. ఆవిడకు రోషం వచ్చి ఏడు తెచ్చేది. ఈ యుద్ధం ఎంతవరకు పోయిందంటే, చివరికి రెండిళ్ళ కోళ్ళూ గుడ్లు పెట్టడం మానుకున్నాయి. ఇప్పుడు హోటలు దుప్పట్లు ఉతికి కూడబెట్టిన కాస్త డబ్బు రుమాలులో ముడివేసుకుని, కూతురిని తీసుకుని, తాత కొట్టు తలుపు తీసింది.

నలభై జతలూ ఊగాయి. ఎలిత్సా అమ్మ కోటు పట్టుకుంది.

"రామ్మా సెవ్దా. నువ్వు కూడా రావే పిల్లా. మెల్లగా నడవండి, వాళ్ళిప్పుడే సర్దుకున్నారు."

"జాప్రియన్ బాబాయ్, పాతదైనా ఫర్వాలేదు. రెండు సైజులు పెద్దది చూడు. మూడు చలికాలాలు రావాలి" అంది సెవ్దా.

తాత గుండె పట్టుకున్నాడు. "ఇదేమన్నా కోటా తల్లీ, చేతులు మడుచుకుని తొడుక్కోడానికి?" అంటూ వెడల్పాటి నల్ల బైండింగు ఒకటి దించి, పిల్ల బూటును అందులో పెట్టించాడు. బూటు అటూ ఇటూ ఆడింది. "ఇది మిలెవ్ గారిది. తాలూకాఫీసులో ముప్పయ్యేళ్ళు చేశాడు. పిల్ల కుడికి తిరగాలని కాలు వంచుతుందనుకో. ఈయన ఆ అర్జీ తీసుకుంటాడు, చదువుకుంటాడు, పైవాళ్ళని అడుగుతాడు, అప్పుడు తిరుగుతాడు. ఈలోగా చెట్టు వస్తుంది."

"అయితే ఆ వెండి రంగుది? గట్టిగా ఉంది, మన్నుతుంది."

"అది సార్జెంటుది. చచ్చినా ఒంగడు. ముప్పై రెండు కిలోల పిల్లకి ఆ బిర్రబిగుసుకున్న మనిషినిస్తే మోకాళ్ళు పోతాయి. గుర్రాల్లాంటి మగాళ్ళకి ఇస్తాను దాన్ని, వాళ్ళు కూడా సెల్యూట్ కొట్టి తీసుకెళ్తారు."

చెబుతూనే తాత లోపలి మూలకు పోయాడు. అక్కడ ఒక ఆకుపచ్చ జత, మిగతావన్నీ ఆగినా ఇంకా ఊగుతూనే ఉంది. దాన్ని దించుతుంటే చెవిలో ఏదో చెప్పినట్టుగా గొణిగాడు. ఎలిత్సా అమ్మ వెనక్కి నక్కింది. కానీ బూటు అందులో పెట్టగానే మడమ వెళ్ళి వెనక గిన్నెలో కుదురుగా కూర్చుంది. వేళ్ళ పట్టీ సరిగ్గా బూటు ముక్కు మీదికి వచ్చింది. మడమ పట్టీ లాగితే కిరకిరమంటూ బిగిసింది, మీట ఎత్తగానే చెప్పిన మాట విన్నట్టు వదిలేసింది. పిల్ల ముందుకు వాలితే వెనక రెక్క మెత్తగా దానితోపాటే వాలింది. తాత చతికిలబడి, బూటు బోర్డు అంచుకు ముందెంత వెనకెంత బయటికి వస్తోందో బొటనవేలితో కొలిచాడు. సమానంగా ఉంది.

"ఎవరిది బాబాయ్ ఇది?"

"రాంగెల్‌ది" అన్నాడు తాత, గొంతు తగ్గించి. "కొండకి అవతల, ఏహోవోలో ఉండేవాడు. బంగారంలాంటి మెత్తని మనిషి. ఎదుటివాడు తప్పు చేసినా పోనీలే అనేవాడు. ఇంకా నేర్చుకుంటున్న పిల్లకి అలాంటివాడే కావాలి."

"మగమనిషి కాలు ఇందులో పట్టేదా?"

"చిన్న పాదాలమ్మా. పాపం, ఆ సిగ్గుతోనే సగం పోయాడు. డెబ్భయ్యో ఏట బోర్డెక్కాలని బుద్ధి పుట్టింది. రెండు వారాలు తొక్కాడు, అంతే. అందుకే కొత్తగా కనబడుతోంది. ముప్పై రెండు రోజులైంది పోయి. ఇదుగో, వేళ్ళు బయటికి చూసేలా వీటిని రెండు పక్కలకీ కాస్త తిప్పి బిగిస్తాను. ఆయన బాతులా నడిచేవాడు లే."

సెవ్దా రుమాలు ముడి విప్పబోయింది.

"ఆగమ్మా. ఇది అమ్మేది కాదు. రాంగెల్ ఆత్మ కోసం ఇచ్చేది."

సెవ్దా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పోయినవాళ్ళ పేరుమీద ఇచ్చినదాన్ని మా కొండల్లో కాదనకూడదు. అది రొట్టెముక్క కానీ, చొక్కా కానీ. తిరిగి ఏమీ ఇవ్వకూడదు, మీ మేలు మరవనని కూడా అనకూడదు. 'దేవుడు మన్నించుగాక' అని పుచ్చుకోవాలి. కాదంటే ఆ ఆత్మ గుమ్మంలోనే నిలబడిపోతుంది. సెవ్దాకు పీక దాకా అనుమానం ఉంది కానీ ఆచారం ముందు నోరు పెగలలేదు.

"సంతాప పత్రం ఏదీ?" అంది చివరికి. నల్ల అంచు, ఫోటో ఉన్న ఆ కాగితం తలుపుకు అంటించే వరకు మా దగ్గర ఎవరూ చచ్చినట్టు కాదు.

తాత నీళ్ళు నమిలాడు. "అంటిస్తున్నా. రేపు పొద్దున్నే వచ్చి చూడు."

మర్నాడు కొట్టు తలుపు మీద నిజంగానే పత్రం ఉంది. కోలమొహం, గుబురు మీసం, ఎడమ కనుబొమ్మ మధ్యలో రెండుగా చీలి ఉంది. ఇద్దరున్న పాత ఫోటోలోంచి కత్తిరించినట్టున్నారు, అతని భుజం మీద ఎవరిదో ఒక చెయ్యి మిగిలిపోయింది. చెయ్యి మాత్రమే, మనిషి లేడు. ఎలిత్సా దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. 'మృత్యువు చెయ్యి అది, భుజం తట్టి తీసుకుపోయింది' అని బడిలో పిల్లలు తేల్చారు. సెవ్దా మాత్రం తృప్తిపడింది. వేళ్ళమీద లెక్కపెట్టింది. "పోటీ రోజుకే ఆయన నలభయ్యో దినం. ఆయన సొమ్ము తొక్కుతున్నాం, ఆయన పేర గోధుమలు వండి పంచుతాను. నువ్వు పట్టీ బిగించిన ప్రతిసారీ ఆయన కోసం ఒక మాట అనుకోవాలి. తెలిసిందా?"

వారం రోజులు ఎలిత్సా అలాగే అనుకుంది. కిర్ర్, 'దేవుడు రాంగెల్ తాతని మన్నించుగాక'. కిర్ర్, మళ్ళీ అదే. రోజుకు నలభైసార్లు. బైండింగు వెన్నలా మాట వింటోంది. అయినా ఒంటరిగా చెట్ల మధ్య జారుతున్నప్పుడు, తన కాళ్ళను ఇంకెవరో చిన్న చేతులతో పట్టుకున్నారేమో అనిపించేది. అప్పుడు పాట పాడుకునేది, గట్టిగా.

పోటీ ఆదివారం పొద్దున పొగమంచు కమ్మింది. కింద బస్సు దిగినవాళ్ళు ఊళ్ళోకి రావాలంటే లిఫ్టే దిక్కు. ఎలిత్సా ఒకసారి కిందికి జారి, ఒక కాలు బోర్డుకు బిగించి ఉండగానే లిఫ్టు కుర్చీలో కూర్చుంది. అంతలో మసకలోంచి ఒక ముసలాయన వచ్చి పక్కన కూలబడ్డాడు. మఫ్లర్ ముక్కు దాకా, టోపీ కళ్ళ దాకా. కింద నేల మాయమైంది. ముందు కుర్చీ కనబడదు, వెనక కుర్చీ కనబడదు. సగం దూరం పోయాక లిఫ్టు ఆగిపోయింది. కుర్చీ ఊగింది, తీగ ఎక్కడో పైన కీచుమంది, తర్వాత అదీ లేదు.

భయమేసినప్పుడు ఎలిత్సాకు నోటికొచ్చే మాట ఇప్పుడు ఒక్కటే. "దేవుడు రాంగెల్ తాతని మన్నించుగాక."

పక్కన తల మెల్లగా తిరిగింది. "ఏ రాంగెల్?"

"ఏహోవో రాంగెల్ తాత."

"ఏం చేశాడేం, మన్నించడానికి?"

"ఏం చెయ్యలేదు. చచ్చిపోయాడంతే. ఇవాళ్టికి నలభై రోజులు."

"నేనూ అదే విన్నాను" అన్నాడు ముసలాయన. మఫ్లర్ కిందికి లాగాడు, టోపీ పైకి తోశాడు. ఎడమ కనుబొమ్మ రెండుగా చీలి ఉంది. "నిజమో కాదో కనుక్కుందామనే వస్తున్నాను."

ఎలిత్సా కుర్చీ అంచుకు జరిగింది. అరుద్దామంటే వినేవాళ్ళు లేరు. దూకుదామంటే కింద పొగమంచు తప్ప ఏమీ లేదు, పైగా ఆయన బైండింగే కాలిని పట్టుకుని ఉంది. నలభయ్యో రోజు, ఆత్మలు తమ వస్తువుల కోసం తిరిగే రోజు. కుర్చీ కడ్డీని రెండు చేతులా పట్టుకుని అంది: "మీవి తీసుకుపోడానికి వచ్చారా?"

"నావేమిటి?"

"ఈ బైండింగులు. మీరు రెండు వారాలు తొక్కారుగా."

ముసలాయన ఒంగి చూశాడు. "నేనా? ఈ చెక్కల మీద జారే ఆటలు పిల్లచేష్టలని పాతికేళ్ళుగా తిడుతున్నవాణ్ణి! నా కాలు ఇందులో పడుతుందా?"

"మీవి చిన్న పాదాలట. ఆ సిగ్గుతోనే సగం పోయారట."

"ఎవడన్నాడు?" అంటూ ఆయన కాలెత్తాడు. పడవంత బూటు, అడుక్కి పేడ. "నలభై నాలుగో సైజు! మా జిల్లాలో ఇంత పాదం ఇంకొకటి లేదు!"

"బాతులా నడిచేవారట."

"బా... ఎవడే ఆ మాటన్నది? జాప్రియనేనా?"

"ఆ."

"అనుకున్నా! మా ఆవిడకి ఫోన్ చేసి ఓదార్చారు ఎవరో. నేను పక్కనే కూర్చుని సూప్ తాగుతున్నాను!" అంటూ కోటు జేబులోంచి వెల్లుల్లి వాసన కొట్టే సాసేజి రొట్టె తీసి కసిగా కొరికాడు. చచ్చినవాళ్ళు రొట్టె తినరని ఎలిత్సాకు తెలుసు. ఒక భయం పోయింది. దాని వెనకే ఇంకో భయం, ఇంతకన్నా పెద్దది, వచ్చి కూర్చుంది. ఈయన బతికుంటే ఇది ఆత్మ కోసం ఇచ్చింది కాదు. ఊరికే ఇచ్చింది. అమ్మకు తెలిస్తే గేటు దగ్గరే పట్టీలు విప్పించి కొట్లో పారేసి వస్తుంది. ఇంకో గంటలో అమ్మ గోధుమల కుండతో అక్కడ ఉంటుంది.

లిఫ్టు కదిలింది. పైన దిగగానే ముసలాయన కొట్టువైపు దూసుకుపోయాడు. ఎలిత్సా బోర్డు చంకన పెట్టుకుని వెనకే పరిగెత్తింది. తలుపు తీయగానే నలభై జతలకు ఒకటి తక్కువగా అన్నీ ఊగాయి. తాత లేడు. నేల కింద గర్ర్... గర్ర్...

"అదేం చప్పుడు?" అన్నాడు రాంగెల్, కాస్త తగ్గి.

"మీలాంటివాళ్ళే తాతా" అంది ఎలిత్సా.

రాంగెల్ నేలమీది గోనెపట్టా పక్కకు తన్ని, నేలలోని చెక్క తలుపు ఎత్తాడు. కింద బల్బు వెలుగుతోంది. చుట్టూ కొత్త అట్టపెట్టెలు, అవతలి గోడకు కొట్టు బయట మంచులోకి తెరుచుకునే చిన్న తలుపు. మధ్యలో పీట మీద జాప్రియన్ తాత, ఒళ్ళో ధగధగలాడే కొత్త బైండింగు, చేతిలో ఆకురాయి. కొత్త బైండింగును పాతదాన్నిగా చేస్తున్నాడు. తలెత్తి చూశాడు. మొహం తెల్లగా పాలిపోయింది. ఆకురాయి జారిపడింది, గుండెల మీద మూడుసార్లు సిలువ గీసుకున్నాడు.

"రాంగెల్! అయ్యో, నిజంగానే పోయావా?"

"నువ్వేగా చంపింది!"

"నేను ఊరికే అన్నానురా! పేపరు మీద మాత్రమే..."

ఊరందరికీ దయ్యాలను పంచిన మనిషి ఒక్క దయ్యాన్ని చూసి గోడకు అతుక్కుపోయాడు. రాంగెల్ మిగిలిన సాసేజి ముక్కను ఆయన మీదికి విసిరితేగాని, ఇది దయ్యం కాదన్న నమ్మకం కుదరలేదు.

ఎలిత్సా మెట్లు దిగింది. అట్టపెట్టెల మీద పెన్సిలుతో రాసి ఉంది. ఒకదాని మీద 'రొట్టెల స్పాస్ కూతురు, 34 బూటు, ఎడమ కాలు ముందు'. ఇంకోదాని మీద 'కవల పిల్లలు, ఇద్దరికీ మెత్తవి, ఒకే రంగు వద్దు, కొట్టుకుంటారు'.

"తాతా, స్తమాత్కా గారు?"

"లేదమ్మా. అసలు పుట్టనేలేదు."

"మిలెవ్ గారు? సార్జెంటు?"

"ఎవరూ లేరు" అన్నాడు తాత, తేలు కుట్టిన దొంగలా. "మనవాళ్ళ సంగతి నీకు తెలీదా? ఇంట్లో గింజ లేకపోయినా కొత్తది చేతికిస్తే 'మేమేమన్నా ముష్టివాళ్ళమా' అంటారు. పిల్లలేమో తాళ్ళూ తీగలూ కట్టుకుని కొండ దిగుతారు. ఏం చెయ్యను? పోయినవాళ్ళ పేరు చెప్తే కాదనరు. ఎవరికి తక్కువైతే వాళ్ళకొక దయ్యం, కొనగలిగినవాడికొక దయ్యం. అందరికీ దయ్యం ఉంటే, ఎవరికి ఊరికే ఇచ్చానో ఎవరికీ తెలీదు."

రాంగెల్ పెట్టె మీద కూర్చున్నాడు. "అయితే నన్నే ఎందుకురా?"

"సెవ్దా పత్రం అడిగింది. పత్రానికి ఫోటో కావాలి. నా దగ్గర ఫోటో ఉన్న స్నేహితుడివి నువ్వొక్కడివే. పదకొండేళ్ళయింది మాట్లాడి. ఇటువైపు రావనుకున్నాను."

అప్పుడు ఎలిత్సాకు తలుపు మీది ఫోటో గుర్తొచ్చింది. భుజం మీది ఆ చెయ్యి చిటికెన వేలు వంకర. తాత చిటికెన వేలు చూసింది, వంకరే. దానికి తాత మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది గానీ ఆపుకుంది.

"అదంతా బాగానే ఉంది" అన్నాడు రాంగెల్ లేచి. "కానీ నేను బతికున్నాను. నా పాదం నలభై నాలుగు. ఈ రెండు సంగతులూ ఊళ్ళో అందరికీ చెప్పాకే ఇంటికెళ్తాను."

"రాంగెల్ తాతా" అంది ఎలిత్సా దారికడ్డంగా నిలబడి. "మా అమ్మకి తెలిస్తే విప్పించేస్తుంది. నేనింక జట్టులోకి పోలేను. ఒక్క గంట... ఒక్క గంట చచ్చిపోయి ఉండవా?"

రాంగెల్ చీలిన కనుబొమ్మ ఎగరేశాడు. "చూద్దాం" అన్నాడు. జాప్రియన్ తాత ఎందుకైనా మంచిదని ఆయన కళ్ళకు పెద్ద మంచు కళ్ళద్దాలు తగిలించాడు.

గేటు దగ్గర పొగమంచులో ఊరంతా నీడల్లా నిలబడి ఉంది. సెవ్దా చక్కెరా, వాల్‌నట్లూ చల్లిన ఉడికించిన గోధుమలను చిన్న కప్పుల్లో పంచుతోంది. పుచ్చుకున్న ప్రతివాడూ 'దేవుడు మన్నించుగాక' అంటున్నాడు. ఎవరి మొహాలూ కనిపించవు, మాటలు మాత్రం తెల్లటి పొగలోంచి వస్తున్నాయి. తన కోసం తానే ఆ మాట వింటూ రాంగెల్ కాసేపు కొయ్యబారిపోయాడు. తర్వాత గట్టిగా దగ్గి సెవ్దా ముందుకు వెళ్ళాడు. ఎలిత్సా బోర్డును వీపు వెనక్కి దాచింది.

"అమ్మా, నేనొక సంగతి చెప్పాలి..."

"ముందు ఇది తీసుకోండి పెద్దాయనా" అంది సెవ్దా కప్పు చేతిలో పెట్టి. "ఏహోవో రాంగెల్ గారని, ఆయన నలభయ్యో రోజు. వాళ్ళ ఊరినుంచి ఎవరూ రాలేదండీ. ఎవరూ లేరేమో పాపం. నేనాయన్ని ఎరగను. కానీ వారం రోజులుగా ఆయన దయవల్ల నా బిడ్డ కాలు నిలకడగా ఉంది. నాకు నిద్ర పడుతోంది. మనిషి పోయాక కూడా ఒకళ్ళకి ఉపయోగపడ్డాడంటే ఎంత మంచివాడో కదా. చిన్న చిన్న పాదాలట."

రాంగెల్ తన బూట్లను మెల్లగా మంచులోకి దూర్చుకున్నాడు.

"మీరెరుగుదురా ఆయన్ని?"

"కొద్దిగా."

"ఎలాంటివారు?"

కళ్ళద్దాల వెనక ఏముందో ఎవరికీ కనబడలేదు. "అంత మంచివాడేం కాదమ్మా" అన్నాడు రాంగెల్ చివరికి. "మొండి వెధవ. ఒకసారి ఆటలో పాచిక చేత్తో తిప్పాడు. స్నేహితుడు చూసి అడిగితే ఒప్పుకోలేదు. పదకొండేళ్ళు ఒప్పుకోలేదు."

పక్కనున్న జాప్రియన్ తాత చప్పుడు చేస్తూ ముక్కు చీదుకున్నాడు.

"పోయినవాళ్ళవి ఇప్పుడెందుకండీ" అంది సెవ్దా. "దేవుడు మన్నిస్తాడు."

"మన్నించుగాక" అన్నాడు రాంగెల్. తన పేర వండిన గోధుమలను తానే, గింజ మిగలకుండా తిన్నాడు. ఎలిత్సా బోర్డును మళ్ళీ ముందుకు తెచ్చుకుంది.

"పదిహేడో నంబరు!" అని కాలినా కేక వేసింది. ఎలిత్సా గేటులో కూర్చుని పట్టీలు బిగించింది. కిర్ర్. అలవాటు కొద్దీ నోరు తెరిచి, ఎవరి పేరు అనాలో తెలియక ఆగిపోయింది. 'దేవుడా, జాప్రియన్ తాత ఇంకా పోలేదు. అయినా మన్నించు' అనుకుని జారింది. రెండు అడుగుల్లో పొగమంచు మింగేసింది. ఎగుడు మీద గాల్లోకి లేచింది, దిగేటప్పుడు బరువు వెనక్కి పడింది. గట్టి బైండింగైతే అక్కడే విసిరికొట్టేది. ఇది మెత్తగా వంగి, పోనీలే అన్నట్టు నిలబెట్టింది. కింద జనం కేకలు వినిపించాయి. సాయంత్రం కాకముందే కాలినా ఇద్దరి పేర్లు చదివింది. రెండోది ఎలిత్సాది. సెవ్దా ఊరందరి ముందూ కూతురిని ఎత్తుకుని గిరగిరా తిప్పింది, బోర్డుతో సహా.

ఎలిత్సా తాతకు చెప్పాలని కొట్టు దగ్గరికి పరిగెత్తేసరికి ముసలాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. రాంగెల్ మూడో కప్పు గోధుమలు వేలితో తుడిచి నాకుతున్నాడు.

"ఒరే జాప్రియన్, ఆ కవల పిల్లలకి ఎవర్ని అనుకున్నావు?"

"ఇంకా అనుకోలేదు. అందరూ పత్రం అడగడం మొదలెడితే నేనేం చేసేది? నా దగ్గర ఫోటోల్లేవు."

రాంగెల్ కప్పు పక్కన పెట్టి, మంచు దులుపుకుని లేచాడు.

"మా ఏహోవోలో నలుగురు ముసలాళ్ళు ఊరికే బతుకుతున్నారు. ఫోటోలు నేను తెస్తాను. నీకెప్పుడు కావాలంటే అప్పుడు చంపుకో" అన్నాడు.